దసరా రంగు కింద రేసు మోటారు

పాత రేసు మోటార్ల సామాను ఎలా గుర్తుపట్టాలి, ఎలా బాగుచేయాలి అని అడుగుతూ ఈ మధ్య నా షెడ్డుకు కొందరు వస్తున్నారు. వచ్చినవాళ్లలో సగం మంది మొదటి రోజే గ్రైండర్ ఎక్కడుందని అడుగుతారు. వాళ్లకు టీ తాగించి పంపించేస్తాను. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు దేవదానం. మాది కేతేపల్లి. మా బాపు బత్తాయి తోటల్లో, నిమ్మ తోటల్లో కూలి చేసి నన్ను నల్లగొండలో ఐటీఐ చదివించాడు. నందికొండలో రిజర్వాయరు ఒడ్డున ఒక కాంట్రాక్టరు లాంచీల షెడ్డులో ఫిట్టర్‌గా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు నన్ను మెచ్చుకున్నారు అన్నవి రాయను. రాస్తే నాకే నిద్రొస్తుంది. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు రిటైరయ్యాను. నందికొండలోనే ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నాను. అప్పటినుంచి నేను చేస్తున్నది ఈ ఒక్క పనే.

సంచిలో వచ్చే సామాను

చేపల పడవ వెనక చెక్కకు బిగించే మోటారు అందరూ చూసే ఉంటారు. రేసు మోటారు కూడా చూడటానికి అలాగే ఉంటుంది గానీ దాని బుద్ధి వేరు. దానికి వెనక్కి నడవడం రాదు, ఊరికే నిలబడి తిరగడమూ రాదు. తాడు లాగగానే పడవను ఎత్తుకుపోతుంది. పైన మూత ఉండదు, పొగగొట్టాలు బయటికే ఉంటాయి. అది అరిచిందంటే అవతలి ఒడ్డున మాట్లాడుకునేవాళ్లు మాట ఆపి ఇటు చూడాల్సిందే.

మా పెద్దవాళ్ల కాలంలో ఇలాంటివి కొన్ని విదేశాల నుంచి మన దగ్గరకు వచ్చాయి. సరదా ఉన్నవాళ్లు రిజర్వాయర్లలో పోటీలు పెట్టుకున్నారు. సరదా తీరాక మోటార్లు మూలన పడ్డాయి. ఇంజను ఉండే తల ఒక ఊళ్లో, కార్బొరేటర్లు ఇంకో ఊళ్లో, నీళ్లలో మునిగి ఫ్యాను తిప్పే కింది భాగం మరెక్కడో. ఆ కింది భాగాన్ని మేం లెగ్గు అంటాం. ఇప్పుడు వాళ్ల పిల్లలు, పాత సామాను మోజున్నవాళ్లు వాటిని గోనెసంచుల్లో వేసుకుని నా దగ్గరకు తెస్తారు.

సంచి విప్పగానే పేరు చెప్పకండి. ముందు లెగ్గు విప్పి లోపలి పళ్ల చక్రాలు చూడండి. చేపల మోటారులో ఒకటి చిన్నది, ఒకటి బాగా పెద్దది ఉంటుంది. బరువు లాగాలి కదా. రేసు లెగ్గులో రెండూ దాదాపు ఒకే సైజు ఉంటాయి. తర్వాత బోల్టుల తలలు చూడండి. అదురుకు ఊడిపోకుండా తీగ కట్టడానికి వాటికి సన్నని బెజ్జాలు వేసి ఉంటాయి. ఆ తర్వాత సిలిండర్ కిటికీల్లో, అంటే గాలి, పొగ పోయే సందుల్లో, వేలు పెట్టి తడమండి. కంపెనీ వదిలిన అంచు గరుకుగా ఉంటుంది. రేసు నడిపినవాడు రాత్రంతా కూర్చుని ఆకురాయితో అరగదీసిన అంచు నున్నగా ఉంటుంది. ఆ నునుపు కనబడితే అక్కడ ఒక మనిషి గెలవాలని కూర్చున్నాడన్నమాట. దాన్ని ముట్టుకోకండి.

మహబూబ్‌నగర్ నుంచి ఒకసారి ఒక హోటల్ యజమాని వచ్చాడు. ఆయన తెచ్చిన మోటారుకు ఎర్ర చారలు, మంట బొమ్మల స్టిక్కర్లు.

"గిది రేసు మోటరు దేవదానం గారూ. హోటల్ల అద్దాల పెట్టెల పెడత. జర మెరిసేటట్టు చేసియ్యిండ్రి" అన్నాడు.

విప్పి చూశాను. "సార్, గిది చేపల మోటరు. రివర్స్ గేరున్నది సూడుండ్రి."

"రేసుల ఎనకకు రావద్దా మరి?"

"ఎనకకు వచ్చెటోడు గెలుస్తడా సార్?"

ఆయనకు కోపమొచ్చింది. నాకు పని రాదని, ఫోన్లో వంద ఫొటోలు చూశానని అన్నాడు. మోటారు ఎత్తుకుపోయి ఇంకెక్కడో మెరుగు పెట్టించుకున్నాడు. ఇప్పుడది ఆయన హోటల్లో అద్దం వెనక రేసు మోటారు అనే బోర్డుతో ఉంది. నేనొకసారి పాలమూరు పోయినప్పుడు అక్కడ టీ తాగాను. టీ బాగుంది.

మొహమాటపడి ఆరోజు సరే అని ఉంటే ఒక పని దొరికేది. కానీ లేనిదాన్ని ఉందని ఒకసారి అంటే, తర్వాత నిజంగా ఉన్నదాన్ని ఉందని చెప్పినా ఎవరూ నమ్మరు. ఈ పనిలో నా నోటిమాట తప్ప నా దగ్గర వేరే పెట్టుబడి లేదు.

ఖాజామియా ఉస్తాద్ చింతపండు తొట్టి

నాకు పని నేర్పినవాడు ఖాజామియా ఉస్తాద్, మా షెడ్డు ఫోర్‌మ్యాన్. ముసలితనంలోనూ కాంట్రాక్టరు ఆయన్ను వదల్లేదు. చేతికి స్పానర్ ఇవ్వడానికి ముందు నెలల తరబడి గుడ్డపేలికలతో తుడిపించాడు. మాట పడని మనిషి, మాట తూలని మనిషి.

తెలంగాణ వచ్చాక జరిగిన మొదటి దసరాకు మా షెడ్డులో హడావుడి అంతా ఇంతా కాదు. దసరాకు పనిముట్లు పూజలో పెట్టడం అందరికీ తెలిసిందే. మా దగ్గర దానికి ముందు రోజు ఇంకో పని ఉండేది. ఇత్తడి ఫ్యాన్లు, గొట్టాలు, గంటలు అన్నీ పెద్ద తొట్టిలో చింతపండు పులుసులో వేసి నానబెట్టేవాళ్లం. తెల్లారి కొబ్బరి పీచుతో రుద్దితే బంగారంలా వచ్చేవి. ఇత్తడి కాని వాటికి వెండి రంగు పూసేవాళ్లం. నేను చర్చికి పోయేవాణ్ణి గనుక పసుపు కుంకుమల దగ్గరకు రానిచ్చేవాళ్లు కాదు, నేనూ పోయేవాణ్ణి కాదు. రంగు పూసే పని మాత్రం ఏటా నాదే.

ఆ ఏడు అటక మీద ఎప్పటినుంచో దుమ్ము కొట్టుకుపోతున్న ఒక లెగ్గు కిందికి దిగింది. సన్నగా, నాజూగ్గా ఉండేది. ఎవరిదో ఎవరికీ తెలియదు. దాన్ని కూడా మెరిపిద్దామని ఉస్తాద్ తొట్టిలో వేయించాడు. నేనప్పుడు లాంచీ మీద ఉన్నాను.

తెల్లారి వచ్చేసరికి తొట్టి మీద నురుగు. చేయి పెట్టి తీస్తే లెగ్గు అంతా స్ఫోటకం మచ్చల్లా గుంటలు పడి ఉంది. మీద పోతపోసిన అంకెలు కరిగిపోయాయి. ఒకచోట వేలితో నొక్కితే లోపలికి దిగింది.

ఉస్తాద్ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అరే దేవదానం, గిది ఇత్తడి గాదు, అల్యూమినం గూడ గాదు. మరేంది?" అన్నాడు.

అది మెగ్నీషియం కలిసిన పోత అని, బరువు తగ్గాలని రేసు మోటార్లకే వాడతారని, పులుపు తగిలితే దాన్ని ఎవరూ కాపాడలేరని తర్వాత హైదరాబాద్‌లో అడిగి తెలుసుకున్నాం. ఆరోజు మాత్రం ఉస్తాద్ షెడ్డులో అందరినీ పిలిచి లెగ్గు చూపించి, "గిది ఖరాబ్ చేసింది నేను. ఏందో తెల్వకముందే కడిగిన. మీరు చెయ్యకుండ్రి" అన్నాడు. కాంట్రాక్టరు ముందు కూడా అదే మాట చెప్పాడు. నేను చూసిన పైవాళ్లలో అలా చెప్పినవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన మాటను ఇప్పటికీ దాటను.

ఆ తర్వాత నేను నిమ్మకాయ పట్టుకున్నాను. నిమ్మతోటల మధ్య పెరిగినవాణ్ణి, వేరే మందు ఎందుకు? తెలియని పోత దొరికితే కనబడని చోట గోటితో గీసినంత గీత గీసి, సూది మొన మీద నిలిచేంత నిమ్మరసం పెడతాను. సన్నని బుడగలు లేస్తే అది మెగ్నీషియం. వెంటనే తుడిచేయాలి. బుడగలు లేవకపోతే మామూలు అల్యూమినియం. చూసేవాళ్లు దిష్టి తీస్తున్నాననుకుంటారు. అనుకోనివ్వండి.

రాఘవరావు సార్ చెవులు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రిటైరయ్యాక ఒక ఎండాకాలం రాఘవరావు సార్ నా షెడ్డుకు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. మహబూబ్‌నగర్ దగ్గర ఆముదాలు పండించే కుటుంబం. వయసులో ఉన్నప్పుడు ఈ నీళ్ల మీదే రేసు మోటారు నడిపారట. ఆయన్ను కారులో తీసుకొచ్చింది కూతురు సుమతి, బడిలో టీచరమ్మ. వెనక సీట్లో దుప్పటిలో చుట్టి మోటారు తల ఉంది. నాలుగు సిలిండర్లది. అంత శుభ్రంగా దాచిన తలను నేనెప్పుడూ చూడలేదు.

సార్ చెవిలో మిషను ఉంది. అయినా గట్టిగా చెబితే తప్ప వినబడటం లేదు. ఆయన మోటారును దుప్పటి విప్పి చూపిస్తుంటే సుమతి నన్ను పక్కకు పిలిచింది.

"నాయినకు చెవులు పోతున్నయండి. గీ ఇనవడుడు గూడ వచ్చే ఎండాకాలం దాక ఉండకపోవచ్చని డాక్టరు చెప్పిండు. ఒక్కసారి గీ మోటరు చప్పుడు ఇంటానంటడు. వేరే ఏదడగడు. అన్నం కాడ అదే, పండేకాడ అదే."

"లెగ్గు ఏది?" అన్నాను.

లెగ్గు లేదు. ఆయన దగ్గర రెండుండేవట. ఒకటి రిపేరుకని అప్పట్లో నందికొండలో ఒక షెడ్డులో ఇచ్చి, మళ్లీ రాలేకపోయారు. ఇంకొకటి పడవ తిరగబడిన రోజు మోటారు నుంచి ఊడి నీళ్లలో పడిపోయింది.

షెడ్డు అనగానే మా అటక మీది లెగ్గు గుర్తొచ్చింది. ఎలా ఉండేదని అడిగాను. సన్నగా, నాజూగ్గా అని చేతులతో చూపించారు. చింతపండు తొట్టిలో మేం కరిగించింది ఆయన లెగ్గే. ఆ మాట దాచడం నావల్ల కాలేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పాను. ఆయన విని, "చింతపండులనా?" అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. తిట్టినా బాగుండేది.

"ఏదన్న వేరే లెగ్గు పెట్టి నడిపించుండ్రి. ఆయనకెట్ల తెలుస్తది?" అంది సుమతి, తండ్రికి వినబడదన్న ధైర్యంతో.

పెట్టొచ్చు. చేపల మోటారు లెగ్గుకు ఒక పలక కోసి అతికిస్తే వారంలో తిరుగుతుంది. కానీ ఆ లెగ్గు పళ్లు వేరు, ఫ్యాను బరువు వేరు. మోటారు గొంతు అణిగిపోతుంది. ఆయన ఇన్నేళ్లుగా తలుచుకుంటున్నది ఆ గొంతునే. చెవులు పోబోయే మనిషికి చివరిసారి దొంగ చప్పుడు వినిపించడం నాకు ఇష్టం లేదు. పైగా ఉన్న లెగ్గును కరిగించిన షెడ్డు మనిషిని నేనే.

"అసలుది దొరకవట్టాలె. ఎతుకుత" అన్నాను. "దొరకకపోతే?" అంది ఆమె.

గంగమ్మ ఇచ్చిన వస్తువు

ఉస్తాద్ నాకు నేర్పిన ఇంకో సంగతి ఏమిటంటే, పోయిన సామాను కోసం దుకాణాల్లో కాదు, ఇళ్లలో అడగాలి. చేపల రేవులో చెప్పాను. పెన్సిల్‌తో బొమ్మ గీసి చూపించాను. జనం పాపం తెచ్చారు. బోరు మోటారు పంకాలు తెచ్చారు, ట్రాక్టరు ముక్కలు తెచ్చారు, ఒకాయన గ్రైండర్ అడుగుభాగం తెచ్చి ఇదే అని వాదించాడు. వానలు మొదలయ్యాయి. సుమతి ఫోన్ చేసినప్పుడల్లా సార్ గొంతు ఇంకా పెద్దదవుతోంది. తన మాట తనకే వినబడక అరుస్తున్నారన్నమాట. నాకు కంగారు పట్టుకుంది.

యాదగిరి అని చేపలు పట్టే అతను తన మోటారు ప్లగ్గు మార్పించుకుందామని వచ్చి, గోడమీది బొమ్మ చూసి ఆగాడు.

"అన్నా, మా ఇంట్ల గిసొంటిదే ఒకటున్నది. గని అది మోటరుది గాదు, గంగమ్మది."

ఆ సాయంత్రమే పోయాను. ఇంటి గూట్లో పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు. వాటి మధ్య వెండి రంగు పూతలు పూతలుగా పేరుకుని, బొద్దుగా మెరుస్తూ ఒక వస్తువు. అంచులన్నీ రంగుతో గుండ్రబడిపోయాయి. కానీ ముక్కు కింద నీళ్లు పీల్చే బెజ్జం చూడగానే అది రేసు లెగ్గని తెలిసిపోయింది.

యాదగిరి తల్లి మల్లమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గంగమ్మ ఇచ్చింది కొడుకా. మా మామ వలల పడ్డది. అది వచ్చినంక మా ఇంట్ల నీళ్లల్ల పడి ఎవ్వలు పోలే. ఏటా దసరకు రంగేసి, లోపల ఇంత ఆముదం పోసి పెడుతం. గీకుతవా దాన్ని?"

"గీకనవ్వా. కడుగుత."

"కడిగినా రంగు పోతది గద?"

"పోతది. అబద్ధం చెప్ప."

"మరెందుకియ్యాలె?"

రాఘవరావు సార్ సంగతి చెప్పాను. పడవ తిరగబడిన మాట రాగానే ఆమె చేయెత్తి ఆపింది. "ఎర్ర టోపీ పిలగాడా?"

నాకు తెలియదన్నాను.

"మా మామ చెప్పి చెప్పి నవ్వుతుండె. ఒక ఎర్ర టోపీ పిలగాన్ని నీళ్లల్లకెళ్లి గుంజి ఒడ్డుకేస్తె, పానం సంగతి ఇడిసిపెట్టి నా మోటరు, నా మోటరు అని ఏడ్సిండట. ఇంక బతికున్నడా?"

అక్కడే ఫోన్ చేశాను. టోపీ ఏ రంగని సుమతి తండ్రి చెవిలో అరిచి అడిగింది. ఆయన అరుపు నాకు ఫోన్లో నేరుగా వినబడింది. "ఎర్రది! ఎవలు చెప్పిండ్రు?"

మల్లమ్మ గూట్లో పువ్వులు తీసి పక్కన పెట్టింది. "తీస్కపో. గని దసర నాడు జమ్మికి పోయే యాళ్లకు గీడ గూట్ల ఉండాలె. మీ యేసు మీద ఒట్టు పెట్టు."

"మేం ఒట్టు పెట్టమవ్వా. మాటిస్తం."

"అయితే మాటియ్యి" అంది.

వెదురు పుల్లతో పని

పని నేర్చుకునేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. పేరుకున్న రంగును మంటతో కాల్చకండి, ఇసుకతో కొట్టకండి. కింద ఏముందో తెలియదు. రంగు వదిలించే మందు చిన్న చోట పూసి, అది ఉబ్బాక వెదురు పుల్లతో లేపాలి. ఇనుప మొన వద్దు. ఒక పూత లేస్తే కింద ఇంకో పూత. ఒకటి నీలం ఛాయ వెండి, ఒకటి తెలుపు ఛాయ. మధ్యలో ఎక్కడో పచ్చ రంగు కూడా వచ్చింది. ఆ ఏడు వెండి రంగు దొరకలేదట, మల్లమ్మ గుర్తుచేసుకుని చెప్పింది.

అన్ని పూతల కింద పోత బయటపడింది. ఒక్క గుంట లేదు. దశాబ్దాలుగా ఆ ఇంటివాళ్లు ఏటా రంగు పూయడం వల్ల తేమ తగల్లేదు, పులుపు తగల్లేదు. మేం చదువుకున్న ఫిట్టర్లం, మెరిపిద్దామని ఒకదాన్ని ఒక్క రాత్రిలో చంపేశాం. వాళ్లు మెరుపు జోలికి పోకుండా ఇంకోదాన్ని బతికించారు. పక్కన నిమ్మకాయ పెట్టుకుని కూడా ఆరోజు పరీక్ష చేయడానికి నాకు చేయి రాలేదు. అవసరం కూడా లేదు. ముక్కు పక్కన అంకెలు స్పష్టంగా ఉన్నాయి. వాటి మీద సన్నకాగితం పరిచి పెన్సిల్ రుద్ది సార్‌కు పంపితే, తన మోటారు తల మీదున్న అంకెలతో కలిశాయని చెప్పారు.

లోపల సంగతి ఇంకో వింత. ఏటా పోసిన ఆముదం గడ్డకట్టి బెల్లం పాకంలా అంటుకుంది. మొదట విసుక్కున్నాను. స్పిరిటులో నానబెట్టి కరిగిస్తే, లోపలి పళ్లకు తుప్పు మచ్చ కూడా లేదు. ఆ రోజుల్లో రేసు మోటార్లు పెట్రోల్లో ఆముదమే కలుపుకుని పరిగెత్తేవి. మా పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండేది అదే కదా. గంగమ్మ పేరుతో మల్లమ్మ ఇంటివాళ్లు సరిగ్గా దానికి కావలసిన నూనెనే పోశారు.

సీళ్లు మార్చాను. నీళ్ల పంపు రెక్క ఎండి విరిగిపోయింది, కొత్తది కోసి చేశాను. అది మూడుసార్లు చెడిపోయింది. మూడోసారి మా ఇంటావిడ మార్తమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఆయన చెవులు పొయ్యేకంటె ముందు నీ కండ్లు పొయ్యేటట్టున్నయి" అంది. నాలుగోది నిలిచింది. సుమతి తెచ్చిచ్చిన తల, లెగ్గు కలిపి బిగించేసరికి దసరా ముందు రోజు అయింది. అంతకుముందు నడిపి చూసే వీలు లేకపోయింది.

దసరా నాడు

దసరా పొద్దున నీళ్ల ఒడ్డున ఒక వంపులో చేరాం. అనుమతుల తిప్పలు ఇక్కడ రాయను. యాదగిరి ఫైబర్ పడవకు వెనక చెక్క ఎత్తుచేసి మోటారు బిగించాం. సార్ ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, తల మీద ఎర్ర టోపీ. సుమతి ఎక్కడినుంచో కొనుక్కొచ్చింది. చెవిలో మిషను సరిచేసుకుంటూనే ఉన్నారు.

"యాదగిరీ, గట్టిగ పట్టుకో. తాడు గుంజంగనె ఉరుకుతది" అన్నాను.

"నేను పుట్టిందే పడవల అన్నా" అన్నాడు.

నేనూ పడవెక్కి తాడు లాగాను. పడవ ఎగిరింది. పడవలో పుట్టిన యాదగిరి వెల్లకిలా పడి, పడుకునే హ్యాండిల్ పట్టుకున్నాడు. పొగగొట్టాలు అరిచాయి. కాలిన ఆముదం వాసన ఒడ్డుదాకా కమ్ముకుంది. కొండకు కొట్టుకుని చప్పుడు వెనక్కి వచ్చింది. రేవులో ఉన్నవాళ్లంతా పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టారు. గెలిచాననుకున్నాను.

ఒక చుట్టు తిరిగి ఒడ్డు దగ్గరకు వచ్చేసరికి సార్ లేచి నిలబడి ఉన్నారు. చేయి అడ్డంగా ఊపుతున్నారు. ఆపమంటున్నారు.

గుండె బాగాలేదేమో అనుకుని దూకి పరిగెత్తాను.

"నాలుగు పలుకుతలెవ్వు" అన్నారు. "మూడే. ఒకటి ఊకెనే తిరుగుతాంది."

నాకు ఒళ్లు మండింది. ఇన్ని నెలల పని, ఇంత చప్పుడు, ఊరంతా చప్పట్లు కొడుతుంటే సగం చెవుల మనిషికి లోటు దొరికిందా? "మంచిగనే ఉన్నది సార్" అని గట్టిగా అరిచాను.

"నీకు మంచిగున్నది దేవదానం. దానికి లేదు" అన్నారాయన.

పొగగొట్టాల మీద నీళ్లు చిలకరించి చూశాను. మూడింటి మీద చుయ్‌మన్నాయి. నాలుగోదాని మీద నీటి చుక్క అలాగే నిలిచింది. చల్లగా ఉంది. నా చెవులు బాగానే ఉన్నాయి, నాకు వినబడలేదు. ఆయన చెవులు పోతున్నాయి, ఆయనకు వినబడింది. సిగ్గు కంటే సంతోషం ఎక్కువైంది. అసలైన లెగ్గే కావాలని నేను పట్టుబట్టింది ఇందుకే కదా. మామూలు లెగ్గు పెట్టి ఉంటే ఈయన మొదటి చుట్టులోనే లేచి వెళ్లిపోయేవారు.

ఆ సిలిండర్ కార్బొరేటర్ విప్పాను. పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో ఆముదం జిగురు బొట్టు అడ్డుపడి ఉంది. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదైపోతుంది. అక్కడున్న ఒకామె ఇంట్లోంచి చీపురు తెప్పించి, పుల్ల విరిచి, స్పిరిటులో ముంచి మెల్లగా తీశాను. అన్నీ విప్పి, కడిగి, మళ్లీ బిగించేసరికి పొద్దు వాలుతోంది. మల్లమ్మకు ఇచ్చిన మాట గుర్తొచ్చి మాటిమాటికీ ఆకాశం వంక చూశాను. యాదగిరి నా మొహం చూసి, "ఫికర్ చెయ్యకన్నా, జమ్మికి ఇంక టైమున్నది" అన్నాడు.

మళ్లీ తాడు లాగాను. ఈసారి యాదగిరి పడలేదు. పడవ ముక్కు లేచింది. చప్పుడు మారింది. పొద్దున విన్నది అరుపు. ఇది గుడ్డను చివరిదాకా ఒకే ఊపున చింపినట్టుంది, ఎక్కడా తెగలేదు. నాకు కూడా తేడా తెలిసింది.

ఒడ్డు వైపు చూశాను. సార్ చెవిలో మిషను తీసి చొక్కా జేబులో వేసుకుంటున్నారు. సుమతి కంగారుగా ఆయన చేయి పట్టుకుంది. ఆయన ఆమెతో అన్నమాట ఆమె నాకు తర్వాత చెప్పింది. "గీ చప్పుడుకు మిషిని ఎందుకే?"

పెట్రోలు అయిపోయేదాకా నడిపించాం. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

జమ్మికి పోయే వేళకు లెగ్గు విప్పి, తుడిచి, సార్‌నూ వెంటబెట్టుకుని మల్లమ్మ ఇంటికి పోయాం. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. ముందు ఎర్ర టోపీని చూసింది, తర్వాత మనిషిని. "ముసలోడైండు గదా పిలగాడు" అంది. గూటి పక్కన ఉన్న ఫొటోలో తన మామను చూపించింది. సార్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

లెగ్గును గూట్లో పెట్టబోతుంటే ఆమె వెండి రంగు డబ్బా, బ్రష్ తెచ్చింది. యాదగిరి అడ్డుపడ్డాడు. "అమ్మా, అన్న ఇన్ని దినాలు కష్టపడి తీసిండు. ఆ నంబరు జూడు, ఎంత మంచిగ కనవడుతాందో."

"రంగు లేకుంట ఎట్ల పెడ్తం బిడ్డా?" అంది.

అందరూ నా వైపు చూశారు. నేను చింతపండు తొట్టిని తలుచుకున్నాను, ఒళ్లో లెగ్గు పెట్టుకుని కూర్చున్న ఖాజామియా ఉస్తాద్‌ను తలుచుకున్నాను. ఏటా దసరాకు రంగు పూసే పని నాదే కదా.

"బ్రష్ ఇటియ్యి అవ్వా" అని తీసుకుని, నంబరు మీద మొదటి పూత నేనే వేశాను.